మూడు పిలుపులు

దేవరకొండ ఖాసిం ఒక ఎమ్మే సీటును కప్పు చాయ్‌లో ముంచి చంపినవాడు. ఆ చావును కళ్లారా చూశామనేవాళ్లు నల్లగొండలో పన్నెండు వందల మంది ఉన్నారు. అది జరిగిన యూనివర్సిటీ వరండాలో పట్టేది ఇరవై మందే అయినా సరే.

పగ ఎనభై మూడులో పుట్టింది. ఖాసిం తెలుగు ఎమ్మే ఇంటర్వ్యూకు వెళ్లాడు. రాతపరీక్షలో అందరికంటే ముందున్నాడు. "ఎందుకు చదువుతావోయ్?" అన్నాడు తెలుగు శాఖ హెడ్డు సారు.

"సదువంటె పానం సార్. మా బాపు బండ కొడ్తడు, నేను పద్యం జెప్త."

సారు పక్కవాళ్లవైపు తిరిగాడు. "ఇది తెలుగేనా? ఉర్దూ వాళ్ల గది ఎదురుగా ఉంది బాబూ!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఇరవైకి రెండు మార్కులు వేశారు. సీటు పోయింది.

మరుసటేడు అక్కడే అటెండరు ఉద్యోగం దొరికింది. పదేళ్లు అదే సారుకు మంచినీళ్లు అందించాడు. గ్లాసుకో శాపం కలిపేవాడనీ, సారు బట్టతల ఆ నీళ్ల మహిమేననీ అంటారు. నలుగురి ముందు ఆ నవ్వు మాడిపోవాలి. ఖాసింకు అదొక్కటే కావాలి.

ఇంటర్వ్యూలప్పుడు గుమ్మంలో నిలబడి పేర్లు పిలవడం అతని పని. మూడు పిలుపులకూ పలకనివాడు కోర్టులో మాదిరి గైరుహాజరు. పల్లె బస్సులు దిగి ఆలస్యంగా వచ్చేవాళ్లను ఏరేయడానికి సారే పెట్టిన రూలది.

తొంభై నాలుగులో చివరికి ఒక్క సీటు మిగిలింది. వరుసలో సారు మేనల్లుడు ప్రభంజన్, వాడి వెనక దేవరకొండ పిల్ల మంజులత.

"ఏయ్ అటెండర్, ఇంకా ఎంతసేపు?" అన్నాడు ప్రభంజన్.

"గంట పడ్తది దొరా. గేటు కాడ హుస్సేన్ బీ చాయ్ మస్తుంటది, తాగి రాండ్రి."

వాడు గేటు దాటగానే ఖాసిం పిలిచాడు. ఒకటి. రెండు. మూడు.

సారు కుర్చీలోంచి లేచాడు. "ఇందాకే ఉన్నాడు కదరా!"

"మీ రూలే సార్. మూడైనయి."

పక్కనున్న ఇద్దరూ సారునే చూస్తున్నారు. సారు తన చేత్తోనే 'గైరుహాజరు' అని రాశాడు. తర్వాత మంజులత లోపలికెళ్లి ఇంటి మాటలోనే జవాబులు చెప్పింది. ఎవరికీ నవ్వు రాలేదు. సీటు ఆమెదయింది.

ఈ కథ ఎవరు ఎత్తుకున్నా ఖాసిం బీడీ పక్కన పెట్టి సరిదిద్దుతాడు: "చాయ్‌కి నేను పంపలే. వాడే పోయిండు. మూడుసార్లు పిలిచిన. జర మెల్లగ పిలిచిన."