గడప దగ్గరి బెల్లం

రాజ్యాలు ఎప్పుడు పుట్టాయో, రాజులు ఎప్పుడు పోయారో చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. మల్లయ్య ఇంటి గడప దగ్గర బెల్లం ముక్క పెట్టే ఆచారం ఏ సంవత్సరంలో మొదలైందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఇది చరిత్రకారుల లోపమే తప్ప బెల్లం లోపం కాదు. కొత్తగూడెం దాటాక అడవి మొదలయ్యే చోట, బొగ్గు గని కాలనీ చివరి వరుస క్వార్టర్లో, ఆ ఆచారం రెండు తరాలపాటు నాగా లేకుండా నడిచింది. ఈ మధ్యలో ఉన్న రాష్ట్రం రెండయింది, ఉన్న జిల్లా రెండయింది. రోజుకు ఒక్క బెల్లం ముక్క మాత్రం ఒక్కటిగానే నిలబడింది.

ఆచారం ఇది. బాయిలోంచి ఇంటికొచ్చిన మనిషి (గనిని అక్కడ బాయి అంటారు) గడప బయటే ఆగాలి. సోమమ్మ ఇత్తడి డబ్బా మూత తీసి, నిమ్మకాయంత బెల్లం ముక్కను తన చేత్తో అతని నోట్లో పెట్టాలి. అది కరిగాకే లోపలికి అడుగు. గొంతులోనూ ఛాతీలోనూ పేరుకున్న బొగ్గు దుమ్మును బెల్లం తనతో పాటు కిందికి లాక్కుపోతుందని నమ్మకం. భర్త మల్లయ్య బాయిలో పని చేసిన ముప్పై ఏళ్లూ సోమమ్మ అతనికి పెట్టింది. ఆయన పోయాక ఆ నోటి స్థానంలోకి కొడుకు సమ్మయ్య నోరు వచ్చింది. సమ్మయ్య గని దగ్గరే ముఖం కడుక్కుని వచ్చినా, చెవుల వెనకాల మిగిలిన నలుపును ఆమె కళ్లు పట్టేసుకునేవి.

సమ్మయ్యకు నలభై రెండేళ్లు. బాయిలో బొగ్గు ఎత్తే యంత్రం నడుపుతాడు. అది కడుపు కోసం. అతని ప్రాణం మాత్రం రెస్క్యూ టీంలో ఉంది. గనిలో మంట పుట్టినా, గాలి చెడినా, బండ కూలినా, అందరూ బయటికి ఉరికే దారిలో వీపున ఊపిరి డబ్బా కట్టుకుని లోపలికి పోయే కొద్దిమందిలో అతనొకడు. ఆ నారింజ రంగు డ్రస్సును ఉతకనివ్వడం వరకే భార్య శ్యామలకు అనుమతి. ఇస్త్రీ అతనే చేసుకుంటాడు. యంత్రం మీద కూర్చున్నప్పుడు అతనొక ఆపరేటరు. ఆ డ్రస్సులో ఉన్నప్పుడు పెద్దాఫీసర్లు కూడా ‘సమ్మయ్య గారూ, జాగ్రత్త’ అంటారు.

ఎండాకాలం పరీక్షల్లో దవాఖానా డాక్టరమ్మ కూడా అలాగే ‘గారు’ చేర్చింది. అదే కీడుకు సూచన.

“సమ్మయ్య గారూ, రెస్క్యూలో ఉండాలంటే ఎనభై రెండు కిలోలు దాటకూడదు. మీరు తొంభై ఒకటి ఉన్నారు. ఊపిరి డబ్బాతో కలిపి ఆ సందుల్లో ఎట్ల దూరుతారు? దసరా వెళ్లాక మళ్లీ చూస్తాను. అప్పటికి తగ్గకపోతే పేరు తీసేయక తప్పదు.”

ఆ రోజు నుంచి సమ్మయ్య ఇంట్లో అన్నం మీద యుద్ధం మొదలైంది. రాత్రికి జొన్నరొట్టె వచ్చింది. ఆదివారం మాంసంలో అతని వాటా ఎముకలకు దిగింది. షిఫ్టు దిగాక గేటు దగ్గర తినే మిరపకాయ బజ్జీ ముందు నుంచి, చనిపోయినవాళ్ల ఇంటి ముందు నుంచి నడిచినట్టు తల వంచుకుని నడిచాడు. తెల్లవారకముందే లేచి, అటవీ చెక్‌పోస్టు దాకా లారీల రోడ్డు మీద నడక. మొదట్లో శరీరం మాట విన్నది. వానలు మొదలయ్యేసరికి తూకం ఎనభై ఆరుకు దిగింది.

అక్కడ ఆగింది.

ఆగడమంటే మామూలుగా ఆగడం కాదు. కొత్త క్వార్టరు అలాటైనట్టు కాపురం పెట్టింది. సమ్మయ్య రొట్టె ఒకటి తగ్గించాడు, ఎనభై ఆరు. నడకను చెక్‌పోస్టు దాటి వాగు దాకా పొడిగించాడు, ఎనభై ఆరు. ఒకనాడు జ్వరం వచ్చి రెండు పూటలు ఏమీ తినలేదు. లోలోపల సంతోషిస్తూ మెడికల్ షాపు ముందున్న తూకం మిషన్ ఎక్కాడు. మిషన్‌కు అతని జ్వరం మీద జాలి కలగలేదు.

మెడికల్ షాపు పక్కన కల్వర్టు మీద గంగయ్య కూర్చుని ఉంటాడు. ఐదేళ్ల కింద బండ పడి అతని కాలు నుజ్జయింది. బాయి పనికి అన్‌ఫిట్ అయి, తన బదులు కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకుని, ఇప్పుడు వేపపుల్ల నములుతూ కాలనీని పర్యవేక్షిస్తున్నాడు. ఆ రోజు అతన్ని బయటికి తెచ్చిన స్ట్రెచర్ ముందు కొస పట్టింది సమ్మయ్యే. ఆ చనువుతో గంగయ్య అతన్ని ఎంత మాటైనా అంటాడు.

“ఏందిరా సమ్మయ్య, నన్ను మోసుకొచ్చినోనివి, నిన్ను నువ్వు మోసుకోలేకపోతున్నవా?”

“నువ్వు బక్కోనివి గంగన్న. గందుకే మోసిన.”

“అవ్, అప్పుడు నువ్వు గూడ బక్కగనే ఉంటివి. మల్ల బండ పడితే ఎవడు ఎవణ్ణి మొయ్యాల్నో జర చెప్పి పో.”

సమ్మయ్య నవ్వాడు. నవ్వడానికి కూడా ఓపిక లేని నవ్వు అది. ఇంటికెళ్లి సాయంత్రం నడక కూడా మొదలుపెడుతున్నట్టు ప్రకటించాడు.

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది, ఎవరికీ తెలియకుండా. అతను నడిచే రోడ్డు బొగ్గు లారీలది. టార్పాలిన్ కట్టిన లారీ కూడా వెనకాల నల్లటి పొడి వదిలిపోతుంది. పొద్దున నడిచి వచ్చిన కొడుకు ముక్కును సోమమ్మ ఎండాకాలంలోనే గమనించింది. గమనించి ఊరుకునే మనిషి కాదు.

“ముక్కు జూడు, పొగగొట్టం లెక్కయింది. నోరు తెరువు.”

“షిఫ్టు నుంచి వచ్చినంక తింట గదనే అమ్మా.”

“గది బాయి దుమ్ముకు. ఇది రోడ్డు దుమ్ముకు.”

ఇప్పుడు సాయంత్రం నడక చేరింది. దానికొక దుమ్ము, ఆ దుమ్ముకొక ముక్క. రాష్ట్రం రెండైనా ఒక్కటిగా నిలబడ్డ బెల్లం ఇప్పుడు రోజుకు మూడయింది. అతను ఎంత ఎక్కువ నడిస్తే అంత ఎక్కువ దుమ్ము, ఎంత దుమ్ముకు అంత బెల్లం. నడక ఒక చేత్తో తీసినదాన్ని సోమమ్మ ఇంకో చేత్తో పెడుతోంది. ఇంట్లో ఎవరికీ ఇది తట్టలేదు. కారణం చాలా సులభం. ఆ ఇత్తడి డబ్బా వంటింట్లో ఉండదు. గోడ అలమారులో, జ్వరం గోళీల పక్కన, కాళ్లనొప్పుల నూనె సీసా పక్కన ఉంటుంది. మందును తిండి లెక్కలో ఎవరు కలుపుతారు?

శ్యామల అనుమానం ఇంకో వైపు పోయింది. ఒక రాత్రి అతని చొక్కా జేబు వాసన చూసింది.

“నిజం చెప్పు. క్యాంటీన్ల పూరీలు తింటున్నవా?”

“మా నాయిన మీద ఒట్టు. చాయ్ గూడ చక్కెర లేకుంటనే తాగుతున్న.”

“మల్ల గా బరువు ఏడికెళ్లి వస్తున్నదయ్యా? గాలి తాగితే వస్తదా?”

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. గాలి వల్లే వస్తుందేమోనని అతనికీ అనుమానంగా ఉండేది. తెల్లారి మళ్లీ లేవాలి, మళ్లీ నడవాలి, మళ్లీ బాయి దిగాలి. నిద్రలో కూడా అతని కాళ్లు లాగేవి.

బండారం బయటపెట్టింది శ్యామల తమ్ముడు రాంబాబు. నేలకొండపల్లి దగ్గర వాళ్లకు బెల్లం గానుగ ఉంది. ఏటా ఉగాదికి ఒక దిమ్మె తెచ్చిస్తాడు. అది మళ్లీ ఉగాది దాకా సరిపోతుంది. ఈ ఏడు వానాకాలం పోకముందే దిమ్మె అయిపోయిందని అక్క ఫోన్ చేసింది. రాంబాబు కొత్త దిమ్మెను భుజాన వేసుకొచ్చి, వరండాలో దించి, చెమట తుడుచుకున్నాడు.

“ఏంటక్కా, మమ్మల్ని పిలవకుండా పెళ్లేమన్నా చేశారా?”

“పెళ్లి ఎవరికిరా?”

“మరి దిమ్మె అంతా ఏమైంది? మా ఊళ్లో మిఠాయి కొట్టు ఆయన కూడా ఇంత జల్దీ కబురు పెట్టడు. బావా, నువ్వు బరువు తగ్గుతున్నానంటివి. బెల్లం తిని తగ్గే పద్ధతి ఏదన్నా వచ్చిందా? వస్తే మాకూ చెప్పు, గానుగ మీద బోర్డు రాయించుకుంటాం.”

ఎవరూ నవ్వలేదు. శ్యామల అలమారు వైపు చూసింది. సమ్మయ్య కొత్త దిమ్మె వైపు చూశాడు. అది అతని పొట్ట ఆకారంలోనే, అతని పొట్టంత నిమ్మళంగా కూర్చుని ఉంది. ఆ సమయానికి సోమమ్మ పెరట్లో బియ్యం చెరుగుతోంది. ఆమె చెవిన ఏమీ పడలేదు.

మర్నాడు సమ్మయ్య దవాఖానాకు పోయి, తన సంగతి కాదన్నట్టు, తెలిసినవాడి సంగతన్నట్టు అడిగాడు. డాక్టరమ్మ తల కూడా ఎత్తకుండా చెప్పింది. “దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. బెల్లం పోయేది కడుపులోకి. ఆ రెండూ ఎక్కడా కలుసుకోవు. తెలిసినాయన్ని మాస్కు పెట్టుకోమనండి.”

బరువు రహస్యం తేలింది. దసరా ముందుంది. ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ మాట అమ్మతో అనాలి. పొగ నిండిన సొరంగంలోకి పాకుతూ పోగల మనిషికి ఆ గడప దగ్గర నోరు పెగల్లేదు. మాటకోసం తెరవాల్సిన నోరు బెల్లం కోసం తెరుచుకునేది. చివరికి అతను రెస్క్యూ మనిషికి తగని ఉపాయం పన్నాడు. ముక్కను చెంపలో దాచుకుని, స్నానానికి పోతున్నట్టు పోయి, బాత్రూం వెనక మోరీలో ఉమ్మేసేవాడు.

మూడో రోజుకే మోరీ చుట్టూ చీమల బారు కట్టింది. సోమమ్మ చీపురు పట్టుకుని చాలాసేపు ఆ బారును చూస్తూ నిలబడింది. సాయంత్రం అతను వచ్చేసరికి గడప మీదే కూర్చుని ఉంది. డబ్బా ఒళ్లో ఉంది, మూత పెట్టే ఉంది.

“మందు ఉమ్మేస్తున్నవారా?”

సమ్మయ్య వాకిట్లోనే చతికిలబడ్డాడు. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి.

“అమ్మా, గది మందు కాదట. బెల్లం వల్లనే బరువు దిగుతలేదు. దసరా అయినంక పేరు తీసేస్తరు.”

“ఎవరు చెప్పిన్రు?”

“డాక్టరమ్మ. దుమ్ము ఛాతీలకు పోతదంట, బెల్లం కడుపులకు పోతదంట.”

“రెండు పోయేది ఒక్క గొంతులకెళ్లే గదరా.” సోమమ్మ డబ్బా మూత మీద చెయ్యి పెట్టింది. “మా అన్న గూడ బాయిలనే చేసిండు, బెల్లం తినలె. తీపి అంటే పడకపోతుండె ఆయనకు. నలభై నిండకముందే దగ్గి దగ్గి పోయిండు. మీ నాయిన తిన్నడు. ముప్పై ఏండ్లు చేసిండు, ఒక్కనాడు దమ్ము రాలె. నేను దేన్ని నమ్మాలె?”

ఆ ప్రశ్నకు జవాబు డాక్టరమ్మ దగ్గరైనా ఉండేదో లేదో. వాకిట్లో చీకటి పడుతోంది. షిఫ్టు వాళ్లను దించిన బస్సు ఖాళీగా వెనక్కి పోయింది.

“మీ నాయిన తిన్నా ఒంటికి పట్టకపోతుండె,” అంది సోమమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు. “బొగ్గు తట్టలకెత్తి పట్టాల మీది టబ్బులు నింపుతుండె. ఇంటికొచ్చేటాల్లకు ఎముకల గూడు లెక్క ఉంటుండె. నువ్వు కూసోని చేస్తవ్ గదా పని.”

“అవ్. మిషిన్ మీద కూసుంట.”

“కూసున్నోనికి మూడు ముక్కలు ఎక్కువే.”

“ఒక్కటి గూడ ఎక్కువే అమ్మా.”

ఆమె లేచి, మోకాళ్లు పట్టుకుని లోపలికి పోయి, డబ్బాను అలమారులో పెట్టింది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరూ బలవంతం చేయలేదు; చేసినా తినే మనిషి కాదు.

డబ్బా మూత మళ్లీ తెరుచుకోలేదు. ఎనభై ఆరు పది రోజుల్లో ఇల్లు ఖాళీ చేసింది. సమ్మయ్య కొత్తగా చేసిందేమీ లేదు. అదే రొట్టె, అవే లారీలు, అవే లాగే కాళ్లు. మూతికి ఒక మాస్కు చేరిందంతే. గంగయ్య కల్వర్టు మీంచి “ఎవడ్రా నువ్వు, మొఖం దాసుకున్నవ్, అప్పులోల్లు ఎంటవడ్డరా?” అని అరిచాడు. బతుకమ్మ పాటలు అయిపోయి, దసరా పోయి, గాలిలో చలి మొదలయ్యాక సమ్మయ్య మళ్లీ దవాఖానా తూకం ఎక్కాడు. ఎనభై ఒకటిన్నర. డాక్టరమ్మ సంతకం పెట్టి, మళ్లీ ఎండాకాలంలో రమ్మంది.

ఆ రోజు షిఫ్టు దిగి అతను ఇంటికొచ్చేసరికి సోమమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. ఇన్నాళ్లూ ఆ వేళకు ఆమె కావాలని పెరట్లో ఏదో పని పెట్టుకునేది.

“ఉంచిన్రా?”

“ఉంచిన్రమ్మా.”

ఆమె తల ఊపింది. చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు వచ్చింది. ఆ చేతిలో నీళ్ల చెంబు ఉంది.

“పుక్కిలించి రా.”

అతను వాకిట్లోకి పోయి పుక్కిలించి ఉమ్మాడు. నీళ్లు నల్లగా పడ్డాయి. ఇద్దరూ చూశారు. అతను ఇంకోసారి పుక్కిలించాడు. తర్వాత గడప దాటి లోపలికి వచ్చాడు.

అలమారులోని డబ్బాకు చీమలు పట్టాయి.