వద్దన్నది పరాచికానికి కాదు

ఆకాశాన్ని ఫోనులో చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. తల ఎత్తితే కనిపించేదాన్ని తల దించుకుని వెతుకుతారు.

హోసూరులో నాది స్పేర్ పార్టుల దుకాణం. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తరువాత చదివిందంతా లైబ్రరీలోనే. అక్కడ తెలుగు పుస్తకాలకు ఉన్నది ఒక్క అర. అవి అయిపోయాక తమిళ పుస్తకాలు పట్టాను, ఆ తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు. వాతావరణం మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. నాకంటే ముందు దాన్ని ఎవరూ తెరిచినట్టు లేదు, కాగితాలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. వాటిని విడదీసుకుంటూ మూడుసార్లు చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ చదువుకు పని దొరికింది మా బామ్మర్ది వల్ల. మా ఆవిడ తమ్ముడు పారాగ్లైడింగ్ పైలట్. గుడ్డతో చేసిన పెద్ద రెక్క, దానికి తాళ్లు, ఇంజను ఉండదు. ముందు ఒక మనిషిని కట్టుకుని కృష్ణగిరి దగ్గర ఒక బండకొండ మీది నుంచి వాలులో పరుగెత్తి గాలిలోకి లేస్తాడు. ఆదివారాలు బెంగుళూరు నుంచి జనం వస్తారు. వాళ్లను రప్పించి ఈ వ్యాపారం నడిపే ఓనరు వేరే ఉన్నాడు.

ఇంజను లేని రెక్క పైన నిలవాలంటే నేల నుంచి లేచే వేడిగాలి కావాలి. దాన్ని వీళ్లు థర్మల్ అంటారు. అది ఎప్పుడు లేస్తుందో, ఎంత గట్టిగా లేస్తుందో చూసి చెప్పడం నా ఆదివారం పని. పొద్దున్నే మామిడితోటల మీద పొయ్యిల పొగ కొంత ఎత్తు లేచి, మూత తగిలినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. కిందిది చల్లగాలి, పైది వెచ్చటిగాలి. ఎండెక్కి ఆ మూత విడిపోతేనే థర్మల్ మొదలవుతుంది. నీళ్లు పారించిన పొలాల కంటే ముందు బండలు కాలుతాయి, గ్రానైట్ క్వారీలు కాలుతాయి. వాటి మీద గద్దలు రెక్క ఆడించకుండా చుట్టు తిరుగుతుంటే గాలి బాగున్నట్టు. మబ్బులు చిన్నవిగా, అడుగు చదునుగా ఉంటే మంచిరోజు. పొద్దు ఎక్కకముందే కాలిఫ్లవర్ లాగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంటే ఆ రోజు ఎగరకూడదు. వాటి కింద గాలి మనిషిని పైకి పీల్చుకుంటుంది, దిగనివ్వదు.

ఆ ఏప్రిల్ ఆదివారం నేను కొండెక్కేసరికే మబ్బులు పేరుకుంటున్నాయి.

"ఈ పొద్దు వద్దప్పా. మోడాలు ఎట్ల లేస్తాండాయో చూడు. మధ్యాన్నం లోపల వాన కొట్టేస్తాది" అన్నాను.

మా బామ్మర్ది రెక్క పరుస్తూనే నవ్వాడు. "మా అక్క పొద్దున్నే కాఫీ ఇయ్యలేదేమో. బావకు ఆకాశం నల్లగా కనిపిస్తాండాది."

ఓనరు ఫోను నా ముఖం ముందు పెట్టాడు. "ఈడ చూడండి సార్, ఎండ బొమ్మ ఉండాది. మీ పుస్తకంలో ఎండ లేదా?"

"ఆ బొమ్మ హోసూరుకప్పా. మనం ఉండేది యాడ?"

"బావా, చిలకను యాడ పెట్టినావు? అది చీటీ తీస్తే నమ్ముతాము" అన్నాడు మా బామ్మర్ది. అందరూ పగలబడి నవ్వారు.

"నవ్వేదానికి చెప్పలేదురా. పైకి పోయినాక దిగేది నీ చేతిలో ఉండదు."

"అప్పో, బావకు కోపం వచ్చింది!"

మా వాళ్లలో బావకు, బామ్మర్దికి మధ్య ఏ మాటైనా పరాచికమే. నా పెళ్లిలో నా కాఫీలో ఉప్పు కలిపింది వాడే. పదిమందిలో నన్ను ఏడిపించడం వాడి హక్కు, తిరిగి అంటించడం నా హక్కు. నేను కోప్పడితే ఆట ఇంకా రక్తి కట్టిందనుకుంటారు. అరిచినా, బతిమాలినా ఆటలో భాగమే. ఈ వరసలో ఉన్నవాడు నిజంగా భయపడి ఒక మాట చెప్పాలంటే ఏ గొంతుతో చెప్పాలి?

ఆ రోజు ఎగరడానికి వచ్చినామె బెంగుళూరులో ఏదో ఆఫీసులో పనిచేసే అమ్మాయి. నా మాట విని, ఏమైనా ప్రమాదమా అని కన్నడంలో ఓనరును అడిగింది. "ఆయన మా పైలట్‌కు బావమ్మా. ఊరికే తమాషాకు అంటాండారు" అన్నాడతను. ఆమె కూడా నవ్వేసింది. అదే నన్ను ఇప్పటికీ దహిస్తుంది. ఆమె సరైన ప్రశ్న అడిగింది. జవాబు అక్కడే నిలబడి ఉంది. దాన్ని జోకు చేసి చేతిలో పెట్టారు.

ఎగిరారు. రెక్క వాలు దాటీ దాటకముందే పైకి లేచింది. చూస్తుండగానే గోరంత అయింది. "మావాడు ఎంత ఎత్తు పోయినాడో చూడండప్పా!" అని ఓనరు చప్పట్లు కొట్టించాడు. వాడు కిందికి దిగడానికి గిరగిరా తిరుగుతున్నాడని నాకు అర్థమవుతోంది. వాడు దిగే వేగం కంటే గాలి లేచే వేగం ఎక్కువ. చివరికి రెక్క మబ్బు కడుపులోకి పోయింది. చప్పట్లు ఆగిపోయాయి. తూర్పు నుంచి దుమ్ముతో చల్లగాలి కొట్టింది, గాలి దిక్కు తెలియడానికి కర్రకు కట్టిన గుడ్డసంచి గిర్రున వెనక్కి తిరిగింది. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. ఇంటికి పోయి మా ఆవిడకు ఏమని చెప్పాలి, నాకు అదొక్కటే ఆలోచన.

చాలాసేపటికి ఫోను వచ్చింది. మబ్బు పక్కకు విసిరేస్తే మత్తూరు వైపు ఒక మామిడితోటలో దిగారు. మేము జీపులో చేరేసరికి వాన కుండపోతగా పడుతోంది. ఆ అమ్మాయి మోటారు గదిలో, తోటవాళ్లు కప్పిన దుప్పటిలో వణుకుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

మా బామ్మర్ది నన్ను చూడగానే మొదలుపెట్టాడు. "మోడం లోపల చూసి వచ్చినాను బావా! ఆడ ఎట్లుంటాదో నీ పుస్తకంలో రాసినారా?"

అందరూ నవ్వారు. నేను చెయ్యి ఎత్తాను. నిజంగానే కొట్టడానికి ఎత్తాను. వాడు దాన్నీ పరాచికమే అనుకుని గాలిలోనే పట్టుకున్నాడు. వాడి చెయ్యి మంచుగడ్డలా ఉంది, వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు.

ఆ సాయంత్రమే ఓనరు వీడియో పెట్టాడు, మేఘాల్లో విహారమని. నన్ను చూసి, "మీరు వద్దన్నారు, ఏమయింది సార్? ఏమీ కాలేదు కదా" అన్నాడు. కళ్లు మూసుకుని హైవే దాటినవాడు బతికితే లారీలు లేవని అర్థమా? ఈ మాట అతని ముఖం మీదే అన్నాను. అతనికి ఎక్కలేదు.

బస్టాండులో మా బామ్మర్దిని పక్కకు పిలిచాను. "ఇంట్లో నా కాఫీలో ఉప్పు వేసుకో, మిరప్పొడి వేసుకో. కొండ మీద మటుకు నేను నీ బావను కాను. అర్థమయిందా?"

వాడు ఏదో అనబోయాడు. నా ముఖం చూసి, రెక్క మూట భుజాన వేసుకుని బస్సెక్కాడు.

మే నెలలో మళ్లీ అలాంటి పొద్దే వచ్చింది. మబ్బులు తొందరపడుతున్నాయి. వద్దన్నాను. ఓనరు మళ్లీ ఫోను తీశాడు, చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు. మా బామ్మర్ది బెల్టులు విప్పేశాడు.

"నేను పోను సార్."

"ఏమప్పా, ఏమయింది నీకు?"

"ఆయన వద్దన్నాడు."

వచ్చినవాళ్లు తిట్టుకుంటూ కొండ దిగారు. ఆ రోజు వాన పడలేదు. మధ్యాహ్నానికి మబ్బులు కరిగిపోయి ఆకాశం నీలంగా తేలింది. క్వారీ మీద గద్దలు తీరిగ్గా తిరుగుతున్నాయి. "మంచి రోజును పాడు చేసినారు" అని ఓనరు నాకు వినపడేలాగే అన్నాడు. అతని మీద కోపం, నవ్వినవాళ్ల మీద కోపం, ఒక్క చినుకైనా రాల్చని ఆ ఆకాశం మీదా కోపం.

మా బామ్మర్ది మడిచిన రెక్కకు ఆనుకుని నా పక్కన బండ మీద కూర్చున్నాడు.

"వాన రాలేదు" అన్నాడు.

"రాలేదు."

"మళ్లీ ఇట్లే మోడాలు కడితే?"

"మళ్లీ వద్దనే చెప్తాను."

వాడు తల ఊపి, పైకి చూస్తూ కూర్చున్నాడు.