రస్కు మింగలేకపోయిన మేస్త్రి

బేకరీలో పొయ్యి మేస్త్రి అంటే ఆషామాషీ మనిషి కాదు. పొయ్యి నోటి దగ్గర అరచెయ్యి పెట్టి వేడి ఎంతుందో చెప్పగలరు. రొట్టె అడుగున వేలితో తట్టి, లోపల ఉడికిందో లేదో చెప్పగలరు. అవన్నీ ఒక ఎత్తు, అబద్ధం పట్టడం ఒక ఎత్తు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని లోకమంతా చెప్పుకునేదే. మేస్త్రిగారు అంతటితో ఆగలేదు. అబద్ధమాడేవాడికి ముందు గుండె దడదడలాడుతుంది, తర్వాత అరచేతులు చెమరుస్తాయి, ఆఖరికి నోట్లో తడి ఆరిపోతుంది. చెమట తుడుచుకోవచ్చు, గుండెను చొక్కా కింద దాచుకోవచ్చు. నోట్లో ఊట మాత్రం ఎవడి మాటా వినదు. అందుకని అనుమానం వచ్చినవాణ్ణి బల్ల ముందు నిలబెట్టి, "నేను చెయ్యలేదు" అనిపించి, ఎండు రస్కు చేతిలో పెట్టేవారు. నీళ్లు లేకుండా మింగితే నిర్దోషి. గొంతుకు అడ్డం పడితే దొంగ. ఈస్టు పొట్లాలు మాయం చేసినవాణ్ణి ఇలాగే పట్టారు. వ్యాను తలుపుకు సొట్ట పెట్టి, నేరం గోడ మీదికి నెట్టిన డ్రైవరునూ ఇలాగే పట్టారు. కడుపునొప్పని సెలవు పెట్టి సినిమాకు వెళ్లిన ప్యాకింగు గుమాస్తా అయితే రస్కును చూడగానే బావురుమన్నాడు. ఇంతటి ఘనత ఏ మేస్త్రికుంది?

ఒక ఉదయం, పెళ్లివారి కోసం చేసిన కేకులో పై అంతస్తు కనబడలేదు. యజమాని నిప్పు తొక్కిన కోతిలా గెంతారు.

"తిన్నవాడు ఎవడైనా సరే, ఇవాళే ఇంటికి!"

మేస్త్రిగారు పరీక్ష పెట్టారు. పిండి కలిపే పనిలో ఉన్న యజమాని బావమరిది రస్కు కరకరా నమిలి, గుటుక్కున మింగి, "ఇంకోటుందా బాబాయ్?" అన్నాడు. మిగిలినవాళ్లు కళ్లల్లో నీళ్లు తిరిగినా ఎలాగో మింగేశారు.

"ఇక మిగిలింది మీరే మేస్త్రిగారూ," అని యజమాని నవ్వారు.

"దానికేం భాగ్యం!" మేస్త్రిగారు మీసం దువ్వి, "నేను తినలేదు" అని గట్టిగా చెప్పి రస్కు కొరికారు.

అందరి కళ్లూ ఆయన గొంతు మీదే ఉన్నాయి. ఇన్నేళ్ల పేరు ఒక్క గుటక మీద నిలబడింది. గుండె దడదడలాడింది. అరచేతులు చెమర్చాయి. రస్కు గొంతులో పచ్చి వెలక్కాయలా ఇరుక్కుంది.

"అయ్యో, నీళ్లు తాగండి! మీరు తినరని మాకు తెలీదా? పొద్దున్నించీ పొయ్యి ముందున్నారు, నోరు ఆరిపోదూ?" అన్నారు యజమాని.

"అంటే నా పరీక్ష తప్పంటారా?"

"తప్పనుకుంటే పోయేదేముంది?"

ఏం పోతుందో మేస్త్రిగారికి తెలుసు. పరీక్ష తప్పయితే ఆ డ్రైవరు మాటేమిటి? ఈస్టువాడి మాటేమిటి? పట్టిన దొంగలంతా ఒక్క దెబ్బతో పెద్దమనుషులైపోతారు.

"పరీక్ష తప్పు కాదు," అన్నారాయన. "కేకు నేనే తిన్నాను. ఎప్పుడు తిన్నానో మాత్రం గుర్తులేదు."

బావమరిదికి మనసు కరిగింది. "ఊరుకో బాబాయ్! తిన్నది నేను. ఇదిగో, చేతికి ఇంకా క్రీముంది."

"నోర్ముయ్! నువ్వు రస్కు మింగావు. నా మీద అభిమానంతో నేరం నెత్తినేసుకోకు."

"అభిమానమేంటి? ఆకలేసి తిన్నాను!"

"చూశారా అయ్యగారూ, ఎంత మంచి మనసో!" అని మేస్త్రిగారు ఏప్రాను విప్పి బల్ల మీద పెట్టి ఇంటిదారి పట్టారు.

సంగతి విని భార్య బుగ్గలు నొక్కుకుంది. "పంచదార ఎక్కువైతే కాఫీ పారబోసే మనిషి, మీరు కేకు తిన్నారా? ఎలా ఉందో చెప్పండి చూద్దాం."

"తియ్యగా ఉంది."

"అది తినకపోయినా తెలుస్తుంది!"

మర్నాడు బేకరీలో ఒక వాయి బొగ్గయింది, ఇంకో వాయి పచ్చిగా దిగింది. మధ్యాహ్నానికల్లా యజమాని మేస్త్రిగారి గుమ్మంలో ఉన్నారు.

"దొంగని మళ్లీ పనిలో పెట్టుకుంటారా?" అన్నారు మేస్త్రిగారు.

"మీరు దొంగ కాదు మహాప్రభో!"

"అయితే రాను."

యజమాని తల పట్టుకున్నారు. లోపలినుంచి మేస్త్రిగారి భార్య, "క్షమించానని ఒక్క ముక్క అనెయ్యండి బాబూ! రెండ్రోజులు ఇంట్లో ఉంటే నాక్కూడా రస్కు పెట్టేలా ఉన్నారు," అంది.

ఆ సాయంత్రం పనివాళ్లందరి ముందు యజమాని, మేస్త్రిగారి కేకు దొంగతనాన్ని క్షమించినట్టు ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బావమరిదే. మేస్త్రిగారు తల ఎత్తుకుని పొయ్యి దగ్గరికి నడిచారు. ఆయన పట్టిన దొంగల్లో బుకాయించినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు. మారుమాటాడకుండా ఒప్పుకున్న మర్యాదస్తుడు మాత్రం ఆయనొక్కరే.