బాపు జేబులో అగ్గిపెట్టె

మా కాలనీ స్టేడియానికి పైకప్పు లేదు. పేరుకు స్టేడియం గాని ఉన్నదల్లా చుట్టూ ప్రహరీ, ఒక ఇనుప గేటు, పడమటి వైపు ఏడు సిమెంటు మెట్లు. ఆ మెట్లలో కింది మూడు ఆడపిల్లల చెప్పులకు, నీళ్ల సీసాలకు. పై నాలుగు, బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, పనిచేసి రిటైరైన పెద్దమనుషులకు. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు, అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎవరూ మీరలేదు. సాయంత్రం ఐదయ్యేసరికి పన్నెండు మంది పై మెట్ల మీద చేరి, బీడీలు ముట్టించి, మా ఆట చూసేవాళ్లు. పడమటి గాలి తిరిగిందంటే ఆ పొగంతా నెమ్మదిగా మెట్లు దిగి మా కోర్టులోకి వచ్చేది.

మా అంటే నేనూ, నా పిల్లలూ. కాలనీలోని ఆడపిల్లల బడిలో నేను పీఈటీని, కబడ్డీ నేర్పుతాను. ఆ పన్నెండు మందిలో ఒకడు మా నాన్న, మేము బాపు అంటాం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నన్ను కన్న మా అవ్వ అంటుంది. ఆ ముక్కుకు రోజూ బీడీ పొగ తగిలితే ఇక చెప్పేదేముంది.

కబడ్డీ ఆడినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ ఆటంతా ఊపిరి మీదే నడుస్తుంది. గీత దాటి కూత పెట్టాక, మళ్లీ గీత తాకేదాకా గాలి పీల్చకూడదు. మా జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది. కూతకు వెళ్లిందంటే అవతల ఇద్దరినైనా ముట్టుకోకుండా తిరిగిరాదు. కానీ చిన్నప్పటి నుంచి ఆయాసం. జిల్లా జట్టు ఎంపికకు పెద్దపల్లి పోవలసిన రోజులు దగ్గర పడుతుండగా, ఒక సాయంత్రం గీత దాటి నాలుగడుగులు వేసిందో లేదో, దగ్గుతూ మోకాళ్ల మీద కూలబడింది. కూత తెగింది. పై మెట్టు మీద నుంచి ఒక పెద్దాయన, వాళ్లందరినీ మేం కాకలనే పిలుస్తాం, నోట్లో బీడీ తీయకుండానే, పిల్లకు దమ్ము చాలడం లేదని, పాలు తాగించమని నాకు సలహా ఇచ్చాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం, బాగానే పట్టింది. కాని పొద్దున లేవగానే స్టేడియం కమిటీకి కాగితం రాశాను. ప్రహరీ లోపల ఎవరూ పొగ తాగకూడదని రూలు పెట్టాలని కోరాను.

కమిటీ ఆ ఆదివారం మెట్ల మీదే కూర్చుంది. కాకలందరూ వచ్చారు, బీడీలతో సహా. ముందుగా పాల కాకే అందుకున్నాడు.

"హాలు గాదు, టాకీసు గాదు, మొగులు కింద కూసున్నం. మొగులుకు గూడ రూలు పెడ్తవా బిడ్డా?"

ఇంకొకాయన తమ పొగ వల్లే స్టేడియంలో దోమలు లేవని, కావాలంటే తాము రాని రోజు వచ్చి కూర్చుని చూడమని అన్నాడు. మరొకాయన అన్నమాటే నన్ను కొంచెం గుచ్చింది. తాము రాకపోతే ఆడపిల్లల ఆట చూసేవాడు ఈ కాలనీలో ఎవడున్నాడని అడిగాడు. నిజమే, తల్లిదండ్రులు కూడా రారు. మా పిల్లలు ఒక పాయింటు తెస్తే చప్పట్లు కొట్టేవి ఆ పన్నెండు జతల చేతులే.

నాకు ఇక మిగిలిన అస్త్రం ఒకటే. బాయిలో గ్యాసు ఉంటుంది కనుక బీడీ, అగ్గిపెట్టె కిందికి పోకూడదు. షిఫ్టు ఎక్కేముందు ప్రతి మనిషినీ ఆపి, జేబులు తడిమి, టోపీ తీయించి చూసి గాని దింపరు. అలా ముప్పై ఏళ్లకు పైగా రోజుకు ఎనిమిది గంటలు బీడీ లేకుండా గడిపిన మనుషులు వీళ్లు. అక్కడ ఉండగలిగినవాళ్లు ఇక్కడ రెండు గంటలు ఉండలేరా అని అడిగాను.

"అది బాయి," అన్నాడు పాల కాక, అంతకంటే చెప్పేదేమీ లేదన్నట్టు.

ఓటు కమిటీ సభ్యులకే గనుక, చేతులెత్తి లెక్క చూస్తే రూలు నెగ్గింది. బాపు చివరి మెట్టు మీద కూర్చుని, అటు వాళ్లు చెప్పినదానికీ, ఇటు నేను చెప్పినదానికీ ఒకేలా తల ఊపాడు. డ్రిల్లు మిషన్ల మోతకు, బొగ్గు పేల్చే చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప ఏమీ వినిపించదు.

ఇంటికి వచ్చాక అలాగే అరిచి చెప్పాను. అవ్వ సంతోషంతో ఆ పూట నాకు ఇంకో జొన్నరొట్టె వేసింది. అవ్వ పెళ్లికి ముందు ధర్మపురి దగ్గర పుట్టింట్లో బీడీలు చుట్టిన మనిషి. చుట్టేటప్పుడు లేని పట్టింపు కాల్చేవాడిని చూస్తే మాత్రం ఎక్కడ లేనిదీ వస్తుంది. బాపు చొక్కా ఉతికినప్పుడల్లా బీడీ కంపని వీధి చివరిదాకా వినిపించేలా తిడుతుంది. బాపు రొట్టె తుంచుతూ, అందరికీనా అని అడిగాడు. అందరికీ అన్నాను. "మంచిగనే చేసినవు తియ్," అని చేయి కడుక్కున్నాడు. సగం రొట్టె కంచంలోనే ఉంది. ఆ సగం రొట్టె సంగతి నేను అప్పుడు ఆలోచించలేదు.

మర్నాడు గేటు పక్క గోడకు 'ఇచ్చట పొగ త్రాగరాదు' అని బోర్డు కొట్టించాను. సాయంత్రం వచ్చి చూస్తే బోర్డు కనిపించలేదు. దాని మేకులకు నాలుగు తువ్వాళ్లు వేలాడుతున్నాయి. తువ్వాళ్ల యజమానులు పై మెట్ల మీద హాయిగా పొగ వదులుతున్నారు. తువ్వాలు వేసుకోవడానికి ఇన్నాళ్లకు మంచి చోటు చూపించావని ఒకాయన నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాతి రోజు నేను ఈల మెడలో వేసుకుని, ఐదుకు ముందే గేటుకు అడ్డంగా నిలబడ్డాను. మొదట వచ్చింది పాల కాకే. బీడీలు ఇక్కడ పెట్టి లోపలికి వెళ్లు అని చెప్పడానికి చేయి ముందుకు చాపాను. నా నోట మాట ఇంకా రానేలేదు. కాక ఆగాడు, కాళ్లు ఎడంగా పెట్టాడు, రెండు చేతులూ పైకెత్తి, మొహం కొంచెం పక్కకు తిప్పి నిలబడ్డాడు. ఆయన వెనకాల వచ్చినవాడు అడుగు దూరంలో ఆగాడు. అతని వెనక ఇంకొకడు. చూస్తుండగానే గేటు ముందు వరుస తయారైంది. ముందున్నవాళ్లు టోపీలు, తలపాగలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఎవరూ నవ్వడం లేదు, వేళాకోళం అంతకన్నా కాదు. గేటు, దారికి అడ్డంగా నిలబడ్డ మనిషి, చాచిన చేయి కనబడేసరికి వాళ్ల ఒళ్లు వాళ్లను అడగకుండానే షిఫ్టుకు తయారైంది.

నేను మాత్రం ఊరుకుంటానా? మొదలుపెట్టాను. చొక్కా జేబులో ఒక రేకు డబ్బా, లుంగీ మడతలో ఒక కట్ట, ఒకాయన చెవి వెనక సగం కాల్చిన ముక్క. అన్నీ తీసి గోడ మీద పెట్టాను. లోపలికి వెళ్లి మెట్లెక్కాక గాని వాళ్లకు తెలివి రాలేదు. అప్పుడు మొదలైంది తగువు. ముందు చేతులు లేపింది నువ్వంటే నువ్వని, నీ వల్లే అందరి పరువూ పోయిందని, ఆట అయ్యేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.

వరుసలో చివర బాపు ఉన్నాడు. ఆయన కూడా అందరిలాగే చేతులెత్తాడు. పెద్దయ్యాక నేను బాపును అంత దగ్గరగా ముట్టుకోలేదు. చొక్కా మీద చేయి వేస్తే పక్కటెముకలు తగిలాయి. ఇంత చిక్కిపోయాడని ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియదు. జేబులో అగ్గిపెట్టె దొరికింది. బీడీలు లేవు. లుంగీ మడత చూశాను, టోపీ చూశాను, లేవు. రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టి, బీడీ ఏదని సైగ చేశాను.

బాపు మెట్ల వైపు ఒకసారి చూశాడు. చెవుడు వచ్చాక మెల్లగా మాట్లాడటం మర్చిపోయిన మనిషి, ఆ మాట మాత్రం మెల్లగానే చెప్పాడు.

"ఇడిసిపెట్టి ఎనిమిది నెలలాయె బిడ్డా. డాక్టరు వద్దన్నడు."

నేను అగ్గిపెట్టె ఎత్తి చూపించి ఆడించాను. మరి ఇదెందుకని.

"గా అగ్గిపెట్టె లేకుంటె నా పక్కన ఎవలు కూసుంటరు? నాతోని ముచ్చట పెట్టాల్నంటె గొంతు చించుకోని ఒర్రాలె. అగ్గి అడగనీకె ఒర్రుడు అక్కర లేదు."

నాకు ఆ క్షణం నేల చీలితే బాగుండుననిపించింది. రోజూ చూస్తున్న దృశ్యమే. ఎవరో ఒకరు బీడీ పెదాల మధ్య పెట్టుకుని బాపు దగ్గరికి వచ్చి వంగేవాళ్లు. బాపు రెండు అరచేతులూ దోసిలిలా చేసి, గాలి తగలకుండా పుల్ల గీసేవాడు. వచ్చినవాడు నాలుగు దమ్ములు లాగేదాకా పక్కనే కూర్చుని, తొడ మీద ఒక చరుపు చరిచి లేచిపోయేవాడు. అందరి బీడీలకూ అగ్గి పెట్టేది ఈయనే, అందరికంటే ఎక్కువ తాగేదీ ఈయనేనని ఎనిమిది నెలలుగా పళ్లు కొరుకుతున్నాను నేను. మరి అవ్వ రోజూ అన్నేసి తిడుతుంటే మానేశానని ఎందుకు చెప్పలేదని చెవిలో అరిచాను.

"మీ అవ్వ తిడితెనే గదా నాకు ఇనవడేది," అన్నాడు బాపు, కొంచెం నవ్వి.

అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంది. రూలు పెట్టింది నేను, అందరి దగ్గరా తీసుకున్నది నేను. మా బాపుకు మాత్రం వెనక్కి ఇస్తే రేపు ఎవరి మొహం చూస్తాను? గోడ మీద డబ్బాల పక్కనే పెట్టేశాను.

ఆ వారం నా పిల్ల కూత ఒక్కసారి కూడా తెగలేదు. గాలి పడమట తిరిగినా కోర్టులో మట్టి వాసన తప్ప ఇంకేమీ రాలేదు. కాకలు గేటు బయట హోటలు దగ్గరే కాల్చుకుని, లోపలికి వచ్చి, తమలో తాము ముచ్చట్లు పెట్టుకున్నారు. బాపు చివరి మెట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆయన దగ్గరికి రావడానికి పని లేకపోయింది, అంతే. నాకు గెలిచిన సంతోషం పూర్తిగా ఒక్క పూట కూడా దక్కలేదు. నాలుగో రోజు బాపు మోకాళ్లు నొస్తున్నాయని ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ పొద్దునే అవే మోకాళ్లతో డాబా ఎక్కి, అవ్వ చెప్పిందని మిరపకాయలు ఎండబోసి వచ్చాడు. పడుకుని గోడ వైపు తిరిగి ఉన్న బాపును చూస్తే నాకు ఏడుపొచ్చింది.

నా చిన్నప్పుడు బాపు ఒక గూటి గురించి చెప్పేవాడు. బాయి దగ్గర గోడలో చెక్క అరలు ఉండేవట. దిగేముందు ఎవరి బీడీలు వాళ్లు అందులో పెట్టి, షిఫ్టు దిగి వచ్చాక తీసుకునేవాళ్లు. ఎవరిదేదో తెలియడానికి ఒకడు ఎర్రదారం కట్టేవాడు, ఒకడు డబ్బా మూత సొట్ట పెట్టేవాడు. అది గుర్తొచ్చి, బడికి వెళ్లి మా బహుమతుల బీరువాలోంచి ఒక చెక్క అరల పెట్టె తెచ్చాను. కప్పుల కోసం చేయించింది. కప్పులు రెండే ఉన్నాయి కనుక వాటికేమీ ఇరుకు కాలేదు. దాన్ని స్టేడియం గేటు పక్కన పెట్టి, ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఇంటికి పోయి బాపును చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పిల్లలు కోర్టులో ఎదురు చూస్తున్నారు, గేటు దగ్గర తనిఖీ చేసే తీరిక నాకు లేదు, ఇక నువ్వే చూసుకోవాలని అరిచి చెప్పాను. అగ్గిపెట్టె కూడా తిరిగి ఇచ్చేశాను.

బాపు ఆ పనిని నేను అనుకున్నదానికంటే చాలా గట్టిగా పట్టుకున్నాడు. చేతులెత్తనిదే ఎవరినీ లోపలికి పోనివ్వడు. టోపీ తీయిస్తాడు, చెవుల వెనక చూస్తాడు, డబ్బా ఊపి చూసి అరలో పెడతాడు. కమిటీ పెద్ద ఒకసారి నేనెవరో తెలుసా అని అడిగితే, బాపుకు వినబడలేదు, జేబులన్నీ తడిమే పంపాడు. ఆట అయ్యాక ఎవరి డబ్బా వాళ్లకు ఇచ్చి, గేటు బయటికి నాలుగడుగులు నడిచి, వాళ్ల మొదటి బీడీకి తానే అగ్గి పెడతాడు. అప్పుడు కాకలు అక్కడే కాసేపు నిలబడతారు. తొడ చరచడానికి కుదరదు కనుక ఇప్పుడు భుజం చరుస్తున్నారు.

నా పిల్ల పెద్దపల్లిలో ఆడింది, జిల్లా జట్టుకు ఎంపికైంది. అదంతా పాల మహిమేనని కాక ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం జల్లు పడుతుంటే అరల పెట్టెను తడవకుండా లోపలికి జరుపుతున్నాను. పాల కాక డబ్బా చేతికి తేలిగ్గా తగిలింది. ఊపితే చప్పుడు లేదు. మూత తీసి చూశాను, ఖాళీ. మర్నాడూ చూశాను, ఖాళీయే. బాపు దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆయన నా చేతిలోంచి డబ్బా తీసుకుని, మూత పెట్టి, దాని అరలో దాన్ని సర్దాడు.

"వాడు మానుకోని రెండు నెలలాయె. నాకు ఎరికైందని వానికి తెల్వది. నువ్వు గూడ సూడనట్టే ఉండు."

ఆ సాయంత్రం కూడా కాక ఐదింటికి వచ్చి, గేటు ముందు కాళ్లు ఎడంగా పెట్టి చేతులెత్తాడు. బాపు టోపీ తీయించాడు, చెవుల వెనక చూశాడు, డబ్బా తీసుకుని ఊపి, అంతా సరిగ్గానే ఉందన్నట్టు తలూపి అరలో పెట్టాడు. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. కాక తనిఖీకి మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువసేపే పట్టింది.