పట్టుదారంతో ఊడిన ఉంగరం

చీరల కోసం ధర్మవరం వెళ్లేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. ఆ ఊరి పేరు వినగానే నాకు చీరలకంటే ముందు నా వేలు గుర్తొస్తుంది! 1983లో గోరంట్ల బడిలో పంతులమ్మగా తొలి జీతం అందుకున్నాను. ఉద్యోగం వచ్చిన రోజున మా అవ్వ తన ఒకే ఒక్క ఉంగరం తీసి నా వేలికి తొడిగింది. జన్మలో పట్టు కట్టని అవ్వకు ఒక చీర కొనాలని నాయనను వెంటబెట్టుకుని బయలుదేరాను.

పొద్దున ఏడు గంటల బస్సు, మనిషికి ఐదారు రూపాయల టికెట్టు. కొత్తచెరువు దాటాక కిటికీ చువ్వ మీద చెయ్యి పెట్టానో లేదో, కందిరీగ సరిగ్గా ఉంగరం పక్కనే కుట్టింది. అమ్మో, ప్రాణం లేచిపోయింది! "సున్నం పుయ్యన్నా, తగ్గిపోతాది" అన్నాడు కండక్టరు. నాయన పక్క సీటావిడ వక్కాకు సంచిలోంచి సున్నం తీసుకుని గోడకు పూసినట్టు పూశాడు. ఉంగరం తీయాలని మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు. పది గంటలకు ధర్మవరంలో దిగేసరికి వేలు ఉబ్బి, ఉంగరం కండలో దిగబడిపోయింది.

బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే నాయనకు తెలిసిన నేతగాళ్ల ఇల్లు. గుమ్మంలోనే నాయన, "ముందు కంసాలి కాడికి పోదాం పా, కోసేస్తాడు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తెగిన ఉంగరంతో అవ్వకు మొహం ఎట్లా చూపించను?

మగ్గం పక్కన కండెలకు దారం చుడుతున్న ఇంటావిడ లేచి వచ్చింది. "ఏమప్పా, అప్పుడే కోసేదేంది? వేలు తిమ్మిరెక్కిందా పాపా? లేదు కదా. ఈడ కూర్చో." సున్నం కడిగేసి, కుండనీళ్లతో తడిపిన గుడ్డ కట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమంది. అరగంట తర్వాత ఆముదం రాసి, పట్టుదారం కొసను ఉంగరం కిందుగా దూర్చి, మిగతా దారాన్ని ఉంగరం దగ్గర నుంచి కణుపు దాటేదాకా ఒత్తుగా చుట్టింది. ఉంగరం కింద దూర్చిన కొస పట్టుకుని విప్పుతూ వచ్చింది. చుట్టు విడిన కొద్దీ ఉంగరం ముందుకు జరిగి, టప్పున ఆమె ఒడిలో పడింది! మగ్గం గుంటలో ఉన్న ఆమె భర్తతో సహా అందరం గట్టిగా నవ్వేశాం.

సాయంత్రం ఇంట్లో, వాళ్ల దగ్గరే కొన్న అరటిపువ్వు రంగు చీర విప్పి పరిచాను. అవ్వ దాని వంకైనా చూడలేదు. నా చెయ్యి లాక్కుని, జరిగిందంతా విని, "ఉంగరం కోస్తే మళ్లీ అతుకుతాదే పిచ్చిదానా, ఇంతసేపు ఓర్చుకున్యావా?" అని తిట్టింది. వాపు తగ్గేదాకా తన దగ్గరే ఉంటుందని ఉంగరం తన వేలికి పెట్టుకుంది.

ఎన్నో ఊళ్లు తిరిగాను, ఇంత సంతోషంగా ఇల్లు చేరింది లేదు. మీరు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: చేతికి ఏ పురుగు కుట్టినా ముందు ఉంగరాలు, గాజులు తీసేయండి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆస్పత్రికే పరుగెత్తండి. నా వాపు మూడో రోజుకే పోయింది. నెల తర్వాత కూడా అవ్వ పట్టుచీర కట్టుకుని, ఉంగరం తిప్పుకుంటూ, నా వేలు చూసి "ఇంకా రవ్వంత ఉండాది" అనేది. నేనూ "అవునవ్వా" అనేదాన్ని.