ఇరవై మూడో తప్పు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. తిరుపతిలో లెక్కల లెక్చరర్ని. రుజువు లేనిదే కూరలో ఉప్పు తక్కువైందన్నా ఒప్పుకోనని మా ఆవిడ ఫిర్యాదు.

మస్తాన్ నాతో డిగ్రీ చదివి, చంద్రగిరిలో వాళ్ల నాయనతోపాటు టైల్స్ పరిచే పనిలోకి దిగాడు. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి: మూడు గడుల ఎల్ ఆకారపు ముక్కలతో ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉన్న నేలను సందు లేకుండా నింపగలం? నేను సూత్రం చెప్పేవాణ్ని, అతను దాన్ని పడగొట్టేవాడు. పడగొట్టే నమూనాను టైల్ వెనక మేస్త్రీ పెన్సిల్‌తో గీసి, తప్పుకు నంబరు వేసి పంపేవాడు.

"ఏమబ్బా లెక్చరరూ, మూడుసార్లు నిజమైతే నాలుగోసారి సూడాల్సిన పన్లేదా? నీ సూత్రం మింద నడిస్తే కాలు విరుగుతాది" అనేవాడు.

ఇరవై రెండు టైల్స్ మా మంచం కింద చేరాక, మస్తాన్ గుండెపోటుతో పోయాడు.

ఏడాది తర్వాత నాకో సూత్రం తట్టింది: పొడవు, వెడల్పు రెండూ బేసి సంఖ్యలైతే ఆ నేల నిండదు. మూడు గడుల వెడల్పుకు మూడు, ఐదు, ఏడు గడుల పొడవులు వేసి చూశాను. నిండలేదు. ఆరు పేజీల రుజువు రాశాను. ఎవరికీ చూపలేదు. చూపాల్సిన మనిషి లేడు. ఇద్దరి పేర్లతో పత్రికకు పంపుదామని, అతని భార్య షమీమ్‌ను అడగడానికి ఒక ఆదివారం పొద్దున చంద్రగిరి వెళ్లాను.

"ఆయన పేరు అచ్చులో పడతాదా అన్నా?" అని రెండుసార్లు అడిగింది.

లేవబోతూ, మా స్నానాల గదిలో పగిలిన టైల్ గుర్తొచ్చి, మిగిలినవేమైనా ఉన్నాయా అన్నాను.

"అటక మింద ఒక పెట్టె ఉండాది. ఇంకా ఇప్పనే లేదు."

ఫ్యాక్టరీలో బిగించిన ప్లాస్టిక్ పట్టీని తనే కత్తిపీటతో కోసింది. పై టైల్ తీసి తిప్పాను.

వెనక పెన్సిల్ గీతలు. ఒకవైపు ఐదు గడులు, ఇంకోవైపు తొమ్మిది. పదిహేను ఎల్ ముక్కలు, ఎక్కడా సందు లేదు. కింద: "తప్పు 23. రెండూ బేసే గదబ్బా."

"ఆయన రాతే" అంది షమీమ్, వేలితో తడుముతూ.

మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి కూడా. నా రుజువు నాలుగో పేజీలోనే కూలిపోయింది. ఆ సంగతి షమీమ్‌కు చెప్పాను. "తప్పు దాంట్లో ఆయన పేరొద్దులే అన్నా" అంది.

నేను చేయబోయే తప్పు అతను ముందే ఊహించి గీశాడనుకుందాం. అంతగా నన్ను ఎరిగినవాడే. మరి తెంచని పట్టీ? ఫ్యాక్టరీవాళ్లకు నా తప్పుల మీద అంత ఆసక్తి ఉంటుందనుకోను. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

పెట్టె మొత్తం తెచ్చుకున్నాను. పగిలిన టైల్ పగిలినట్టే ఉంది. ఈమధ్య ఇంకో సూత్రం రాశాను. రోజూ పొద్దున కాలేజీకి వెళ్లేముందు టైల్స్ ఒక్కొక్కటే తిప్పి చూస్తాను. అన్నీ ఖాళీ.

నా లెక్క తప్పు కావాలని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు.