గేటు దగ్గర చెప్పులు

ఆయన చెప్పులు ఎప్పుడూ గేటు దగ్గరే ఉండేవి. భీమవరం అవతల రొయ్యల చెరువుల మధ్య, భూకంపాలు నమోదు చేసే మా చిన్న గదికి ఆయన కాపలాదారు. ఆ గదిలో ఒక లోతైన బోరు ఉంది. బోరు అడుగున ఒక సెన్సార్, పైన నేల మీద ఇంకొకటి. గట్టి భూకంపం వస్తే ఇక్కడి మెత్తటి మట్టి కుదుపును ఎంత పెంచుతుందో వాటి తేడా చెబుతుంది. ఏళ్లు గడిచినా అలాంటిదేమీ రాలేదు.

ఆయన గదిలో మునివేళ్ల మీద నడిచేవారు.

"అడుగునున్న సెన్సార్‌కి మీ నడక వినపడదు బాబాయ్" అన్నానొకసారి.

"మా ఆవిడా అంతేనండి, విననట్టే ఉంటది. పైనున్నదానికి వినపడుద్ది కదండీ. నా వల్ల మీ రికార్డు పాడవకూడదు."

వెళ్లినప్పుడల్లా ఏమైనా వచ్చిందా అని అడిగేవాణ్ణి. "రాలేదండి, మంచిదే కదండీ" అనేవారు. ఆ మాటకు నాకు నీరసం వచ్చేది.

మొన్న వేసవిలో ఒక ఉదయం ఆ గదిలోనే గుండె ఆగి పడిపోయారు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య చూశారు.

వారం తర్వాత రికార్డు తీయడానికి వెళ్లాను. ఆ ఉదయం పైనున్న సెన్సార్‌లో ఒక్క కుదుపు ఉంది. అడుగున ఏమీ లేదు.

భూకంపం కానివాటిని తీసేయడం మా పద్ధతి. కారణం గడిలో లారీ అనో ట్రాక్టర్ అనో రాస్తాం. దీన్ని ఉంచేద్దామా అని చాలాసేపు కూర్చున్నాను. రికార్డు పాడవకూడదన్నది ఆయన మాటే.

కారణం గడిలో "మనిషి" అని రాసి, ఆ కుదుపును రికార్డులోంచి తీసేశాను.